తల్లి మోడ్ ఏదమ్మా?

సార్ పోయారని ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసిన పొద్దున నేను నల్లపాడులో మా ఇంట్లో పని మొదలుపెట్టి కూర్చున్నాను. కంప్యూటర్లో నేను రాసుకునే ప్రోగ్రామ్, నా ఎడిటర్, చెవిలో ఒక ఫైలు చదువుతోంది. దాన్ని ఆపి ఫోన్ ఎత్తాను.

"కరుణా, మీ సార్ వెళ్ళిపోయారమ్మా" అన్నారు ఆంటీ. "పొద్దున లేపితే లేవలా. నిద్దట్లోనే అంట, డాక్టరు చెప్పాడు."

ఆవిడ ఏడవడం లేదు. వెనక ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు. షామియానా ఎక్కడ వెయ్యాలని ఎవరో ఎవరినో అడుగుతున్నారు. "అమ్మను తీసుకుని వస్తన్నానండీ" అన్నాను.

ఫోన్ పక్కన పెట్టాక నా చెయ్యి అలవాటు కొద్దీ ఒక కీ నొక్కింది. ఎడిటర్ ఆపిన చోటు నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. నాకు చూపు లేదు. అది చదివితేనే నేను రాయగలను, ఉద్యోగం చేసుకోగలను. అది ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో, ఏ కీకి ఏం పలకాలో, అన్నీ నేనూ సారూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటిగా అమర్చుకున్నవే. ఆయన లేరని విన్న నిమిషంలోనే ఆయన అమర్చిన గొంతు నాకు పని అప్పజెప్తోంది. దాన్ని ఆపబుద్ధి కాలేదు. ఆ ఫైలు అయిపోయేదాకా విన్నాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. గుంటూరు బయట ఒక మామూలు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటూ, పాఠాలు చెప్తూ రిటైరైన మనిషి. ఆ కాలేజీలో ఎంతమంది సార్లున్నా, "సార్ వచ్చారా?" అని ఎవరైనా అడిగితే అది ఆయన గురించే. అందుకే నేనూ ఇక్కడ సార్ అనే రాస్తున్నాను.

నా కళ్ళు పుట్టుకతో పోయినవి కావు. ఇంటర్ చదివేటప్పుడు పొద్దుగూకితే గడపలు తట్టుకునేదాన్ని. డిగ్రీలో చేరేసరికి పగలు కూడా ముందున్న మనిషి సగమే కనపడేవాడు. రెండో ఏడాదికి స్క్రీన్ మీద అక్షరాలు పూర్తిగా కరిగిపోయాయి. మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. నాన్న లేడు. ఆవిడ కళ్ళు పొద్దంతా మిరప ఘాటుకు మండేవి. ఇంటికొచ్చి నన్ను తన ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నా కళ్ళు ఇన్నేళ్ళు మండినా పోలేదే. నీయి ఎందుకు పొయ్యాయే" అనేది.

చదువు మానేస్తున్నానని చెప్పి సంతకం పెట్టించుకుందామని సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేవారు. ఆ వాసనను బట్టి ఆయన ఏ బల్ల దగ్గరున్నారో తెలిసేది.

"ఎందుకు మానేస్తన్నావు?" అన్నారు.

"కనపడట్లేదు సార్."

"ఏం కనపడట్లేదు?"

"స్క్రీన్ సార్. అక్షరాలు."

"వినపడుద్దా?"

"వినపడుద్ది సార్."

"అయితే కూర్చో" అన్నారు. కుర్చీ జరిపిన చప్పుడు. నా చేతిలో ఇయర్‌ఫోన్లు పెట్టారు. నేను తీసుకెళ్ళిన కాగితం సంగతి ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

అప్పట్లో ల్యాబ్‌లో పిల్లలందరూ కొత్త కొత్త ఎడిటర్లు వాడేవాళ్ళు. సార్ వాడేది మాత్రం ఆయన చదువుకునే రోజుల నాటిది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఒక్క బొమ్మ ఉండదు. పిల్లలు నవ్వుకునేవాళ్ళు. అయితే ఆ ఎడిటర్‌కు ఒక గుణం ఉంది. దాన్ని వాడుతూ వాడుతూనే, దానిలోనే నాలుగు వాక్యాలు రాసి, దాని నడక మార్చుకోవచ్చు. "మిగతావన్నీ కొనుక్కునే చొక్కాలమ్మా. ఇది కొలతలిచ్చి కుట్టించుకునేది" అనేవారు. ఆయన అప్పటికే దానికి మాట్లాడే గొంతు తగిలించి చూసి ఉన్నారట. ఎవరికోసమని అడిగితే, "ఎవరికో ఒకరికి పనికొస్తుందని" అన్నారు.

ఇక్కడ మోడ్ అంటే ఏమిటో చెప్పకపోతే ఈ కథంతా మీకు గాల్లో ఉంటుంది. ఉత్తరం రాసేటప్పుడు ఎడిటర్ ఒక రకంగా నడుచుకోవాలి. వాక్యం పొడుగైతే కింది లైనులోకి దించాలి, అక్షరదోషం ఉంటే చెప్పాలి. ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఇంకో రకంగా నడుచుకోవాలి. బ్రాకెట్ మూశామా లేదా చూడాలి, లైన్లను వరసగా లోపలికి జరపాలి. ఒక్కో నడకను ఒక్కో మోడ్ అంటారు. కొత్త పనికి కొత్త మోడ్ కావాలంటే అంతా మొదటినుంచి రాయనక్కర్లేదు. ఉన్న మోడ్‌ను తల్లిగా పెట్టుకుని, తేడా ఉన్నంతవరకే రాస్తే చాలు. పిల్ల మోడ్‌లో ఒక కీకి అర్థం దొరక్కపోతే ఎడిటర్ వెళ్ళి తల్లిని అడుగుతుంది. తల్లికీ తెలియకపోతే ఆ తల్లికి తల్లిని అడుగుతుంది. మోడ్ మొదలయ్యేటప్పుడు తల్లి చెప్పిన పనులు ముందు జరుగుతాయి, పిల్ల చెప్పినవి తర్వాత.

నాకు ఇది మొదట ఎక్కలేదు. సార్ కాసేపు ఆలోచించి, "మా అమ్మ పండుమిరపకాయ పచ్చడి తొక్కి జాడీలో పెడుద్ది. మా ఆవిడ అందులోంచి గిన్నెడు తీసి వెల్లుల్లి వేసి తాలింపు పెడుద్ది. మా ఆవిడ కాయలు కడిగే దగ్గర్నించి మొదలుపెట్టదు గదా. తాలింపు ఒక్కటే ఆవిడది. ఉప్పు ఎక్కువైతే ఎవరిది తప్పు?" అన్నారు.

"మీ అమ్మగారిది సార్."

"ఆ మాట మా ఇంట్లో అనమాక. విషయం మాత్రం అదే."

అప్పటినుంచి ఏ ఫైలు తెరిచినా, ఏ ఇబ్బంది వచ్చినా, ఆయన మొదట అడిగేది ఒకటే. "తల్లి మోడ్ ఏదమ్మా?" నాకు తెలియకపోతే, "కనుక్కో. అదే చెప్పుద్ది" అనేవారు. నిజంగానే ఆ ఎడిటర్ చెప్పేది. తన గురించి తననే అడగనిచ్చే సాధనం అది.

నాకు వచ్చిన మొదటి ఇబ్బంది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో. ఆ భాషలో ఏ లైను ఎంత లోపలికి జరిగి ఉందన్నదాన్ని బట్టే అర్థం మారిపోతుంది. కళ్ళున్నవాళ్ళకు అది ఒక్క చూపులో తెలుస్తుంది. చెవికి తెలియదు. సార్ మొదట ప్రతి లైనుకు ముందు "నాలుగు ఖాళీలు", "ఎనిమిది ఖాళీలు" అని పలికేలా చేశారు. నేను కొన్నాళ్ళు కష్టపడ్డాను. ఖాళీలు లెక్కపెట్టుకునేసరికి లైనులో ఏముందో మర్చిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం బయట రోడ్డు మీద పత్తి ట్రాక్టర్లు బారులుగా పోతున్నాయి. కిటికీలోంచి దూది ఎగిరొచ్చి కీబోర్డుల మీద వాలుతుంటే సార్ బల్ల బల్లకూ తిరుగుతూ ఉఫ్ఫు ఉఫ్ఫుమని ఊదుతున్నారు. నేను ధైర్యం చేసి, "సార్, మాటలొద్దు. మా చర్చిలో హార్మోనియం ఉంది. ఒక్కో మెట్టు నొక్కితే గొంతు ఒక్కో అంగ పైకి పోతుంది. లైను లోపలికి పోయేకొద్దీ అట్లా పై మెట్టు మోగితే చాలు. నేను లెక్కపెట్టను, వింటాను" అన్నాను.

ఊదడం ఆగిపోయింది. బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టారు. ల్యాబ్ మొత్తం తిరిగి చూసినట్టుంది, ఒక్కసారిగా టైపింగు చప్పుళ్ళు ఆగాయి.

"అదీ!" అన్నారు సార్.

సాయంత్రానికి మెట్లు మోగాయి. ఆయన వాటిని పైథాన్ మోడ్‌లో పెట్టలేదు. ప్రోగ్రాములు రాసే మోడ్‌లన్నిటికీ కలిపి పైన ఒక తల్లి మోడ్ ఉంటుంది. అందులో పెట్టారు. పెట్టగానే మిగతా భాషల్లో కూడా, నేను అడగకుండానే, మెట్లు మోగడం మొదలైంది. చూపు పోయాక ఏదైనా నాకు అడగకుండా రావడం అదే మొదటిసారి. ఆ రోజు బస్సులో ఇంటికెళ్తూ ఏడ్చాను. పక్కన కూర్చున్నామె తలనొప్పా అని అడిగి అమృతాంజనం ఇవ్వబోయింది.

ఆ ఏడాది చివర్లో ప్రాక్టికల్ పరీక్ష. అది తప్పితే ఏడాది పోతుంది. ఏడాది పోతే అమ్మ ఇక చదివించలేదు. నా ఎడిటర్‌తోనే రాసుకోవచ్చని ముందే అనుమతి తెచ్చారు సార్. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. నాకు వచ్చిన ప్రశ్న, ఒక వెబ్ పేజీ తయారుచెయ్యమని. పట్టికలో పట్టిక, దానిలో ఇంకో వరస.

ఫైలు తెరిచాను. నాలుగు లైన్లు రాశాను. మెట్లు మోగలేదు.

మళ్ళీ తెరిచాను. మాటలు చదువుతోంది గానీ అన్నీ ఒకే గొంతులో, చదును చేసిన నేలలాగా. ఏ పట్టిక దేనిలో ఉందో తెలియడం లేదు. సార్ గది చివర నిలబడ్డారని ఆయన దగ్గును బట్టి తెలుసు. ఆయన సాయం చెయ్యకూడదు. నేను అడగకూడదు.

అప్పుడు నన్ను నేనే అడిగాను. తల్లి మోడ్ ఏది? ఎడిటర్‌ను అడిగాను. అది చెప్పింది. వెబ్ పేజీల మోడ్ ప్రోగ్రాముల తల్లికి పుట్టింది కాదట. ఉత్తరాలూ వ్యాసాలూ రాసుకునే మామూలు రాత మోడ్ వైపు నుంచి వచ్చిందట. వంశమే వేరు. మెట్లు ఆ ఇంటికి వెళ్ళనే లేదు. నేను పరీక్ష ఫైలు పక్కన పెట్టి, ఎడిటర్ అమరికల ఫైలు తెరిచి, వెబ్ మోడ్ మొదలయ్యేటప్పుడు కూడా మెట్లు మోగించమని ఒక వాక్యం రాయడం మొదలుపెట్టాను.

బూట్ల చప్పుడు దగ్గరకొచ్చింది. "ఏమ్మా, ప్రశ్న వెబ్ పేజీ కదా. నువ్వింకేదో రాస్తున్నావు?" అన్నారు ఎగ్జామినర్.

"ఎడిటర్ సరిచేసుకుంటున్నానండి."

"పరీక్షలో అట్లా కుదరదమ్మా. రూలు అందరికీ ఒకటే."

నా వేళ్ళు కీల మీదే ఆగిపోయాయి. గది చివరినుంచి సార్ గొంతు వినిపించింది. పెద్దగా అనలేదు. మామూలుగానే అన్నారు.

"ఆ అమ్మాయి కళ్ళజోడు తుడుచుకుంటోందండి. తుడుచుకోనివ్వండి. తర్వాత రాసుద్ది."

తర్వాత ఎగ్జామినర్ నా పక్కన కుర్చీ లాక్కుని, "ఏదీ, నన్ను విననివ్వు" అన్నారు. ఒక ఇయర్‌ఫోన్ తీసి ఆయనకిచ్చాను. వాక్యం పూర్తిచేసి ఫైలు మళ్ళీ తెరిచాను. లైను లైనుకూ కిందికీ మీదికీ వెళ్తూ చూపించాను. పట్టికలోకి పోతే ఒక మెట్టు, లోపలి పట్టికలోకి పోతే ఇంకో మెట్టు. బయటికొస్తే దిగుతోంది.

"ఓహో" అన్నారాయన. ఇయర్‌ఫోన్ వెంటనే ఇవ్వలేదు. ఇంకాసేపు విని ఇచ్చారు. "కానివ్వమ్మా. కావాలంటే ఇంకాస్త టైము తీసుకో."

బయటికొచ్చాక సార్ చెరుకురసం ఇప్పించారు. ఆయన ఎవరినీ ఎప్పుడూ మెచ్చుకునేవారు కాదు. పని బాగా కుదిరితే "నడుస్తుంది" అనేవారు, అంతే. ఆ రోజు ఆ మాట కూడా అనలేదు. "వెబ్ మోడ్ తల్లి వేరని నాకూ తట్టలా. నువ్వు పట్టుకున్నావు. ఇక నుంచి నేను నిన్ను అడుగుతా" అన్నారు. అన్నట్టే అడిగారు కూడా. అప్పటినుంచి ఆయన రాసిన ప్రతిదీ నాకు పంపి, "ఇది సరైన తల్లి కిందే పెట్టానా?" అని అడిగేవారు.

పరీక్ష పాసయ్యాను. తర్వాత పీజీ, ఆ తర్వాత ఇంటినుంచే చేసుకునే ఉద్యోగం. అవన్నీ చెప్పుకుంటూ పోతే ఇది నా కథైపోతుంది. తెలుగు సంగతి ఒక్కటి చెప్పాలి.

సార్ వాళ్ళు అప్పుడు నల్లపాడులోనే ఉండేవాళ్ళు. ఆదివారం చర్చి అయ్యాక అమ్మా నేనూ వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. అమ్మకు చర్చి పాటలు చాలా వచ్చు. వాళ్ళ అమ్మ నుంచి నేర్చుకున్నవి, ఎక్కడా అచ్చులో లేనివి. అవి నేను చదువుకునేలా రాసిపెట్టాలని సార్‌కు పట్టుదల వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడేలా, పడింది పడినట్టు తెలుగులో పలికేలా ఒక తెలుగు మోడ్ తయారుచేశారు. దాని తల్లి మామూలు రాత మోడ్. ఆ తెలుగు మోడ్‌ను తల్లిగా పెట్టి నేను పాటల మోడ్ రాశాను. పిల్ల మోడ్‌లో తేడా చిన్నదే. చరణం అయ్యాక ఒక కీ నొక్కితే పల్లవి దానంతటదే మళ్ళీ వస్తుంది.

అమ్మ నేల మీద కూర్చుని పాడేది. సార్ టైపు చేసేవారు. ఆయన కీలు కొడితే రోట్లో కారం దంచుతున్నట్టుండేది.

"నెమ్మదిగా కొట్టు సారూ, నా పాట నాకే ఇనపట్లా" అనేది అమ్మ.

"నువ్వు గొంతు పెంచు మరియమ్మా."

ఆంటీ వంటింట్లోంచి, "ఇద్దరూ తగ్గించండి, పాలు పొంగుతున్నా నాకు తెలవట్లేదు" అనేవారు. సార్ ఇంట్లో పూజగది ఉంది. ఆయన నుదుటి మీద బొట్టు ఉండేదని అమ్మ చెప్పింది. ఆ ఇంట్లో అమ్మ గొంతెత్తి యేసు పాటలు పాడుతుంటే ఎవరికీ అది వింతగా అనిపించలేదు. సార్‌కు వింతగా అనిపించింది ఒకటే. "ఈ పాటలో పల్లవి ఒక్కోసారి ఒక్కోలా పాడుతున్నావేంది? ఏది అసలుది?" అని అడిగేవారు. అమ్మ, "రెండూ అసలుదే" అనేది.

రిటైరయ్యాక సార్ వాళ్ళు మార్టూరు దగ్గరున్న సొంతూరికి వెళ్ళిపోయారు. ఫోన్‌లో పలకరింపులు నడుస్తూనే ఉండేవి. ఉన్నట్టుండి ఒక రోజు ఆంటీ ఫోన్ చేశారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు. మాట పోయింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక నేను వెళ్ళాను. మనిషికి అంతా తెలుస్తోంది. విన్నదంతా అర్థమవుతోంది. చెప్పబోతే మాత్రం గొంతులోంచి ముద్దగా ఏదో వస్తుంది. ఆంటీ నన్ను వసారాలోకి తీసుకెళ్ళి, "రోజూ పొద్దున్నే ఏదో అంటారే. చెయ్యి ఊపుతారు. నొప్పా అంటే కాదంటారు, మంచినీళ్ళా అంటే కాదంటారు. అర్థం కాలేదంటే కోపం. ఆ కోపం చూస్తే నాకు ఏడుపొస్తోంది. ఇన్నేళ్ళు కాపురం చేసి ఆయన మాట నాకు తెలవకపోవడమేందే" అన్నారు. అప్పుడు ఆవిడ ఏడ్చారు.

నేను లోపలికెళ్ళి సార్ మంచం పక్కన కూర్చున్నాను. ఎడమ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళలో బలం ఉంది.

"సార్, మీ కంప్యూటర్ ఇక్కడికి తెస్తాను. మీరు కొడితే అది మాట్లాడుద్ది. ఒక్క చేత్తో కొట్టేలా కొత్త మోడ్ రాస్తాను" అన్నాను.

ఆయన నా అరచేతి మీద వేలితో టకటకా కొట్టారు. ఏమంటున్నారో నాకు తెలిసింది. "తల్లి మోడ్ ఏదమ్మా అంటున్నారు. అంతేనా?" అన్నాను. నవ్వారు. మాట పోయింది గానీ నవ్వు పోలేదు. ఆ నవ్వు అచ్చం ల్యాబ్‌లో నవ్వే నవ్వే.

తల్లి మా తెలుగు మోడే. దానికి పిల్లగా సార్ మోడ్ రాశాను. స్పేస్ కీ నొక్కి ఎడమవైపు అక్షరం ఒకటి నొక్కితే, అద్దంలో దానికి ఎదురుగా వచ్చే కుడివైపు అక్షరం పడుతుంది. కుడి చెయ్యి చేసే పని కూడా ఎడమ చెయ్యే చేస్తుందన్నమాట. వాక్యం అయ్యాక ఎంటర్ కొడితే గట్టిగా పైకి చదువుతుంది. మిగతావన్నీ, అంటే తెలుగు పడటం, పలకడం, దిద్దుకోవడం, తల్లి దగ్గర్నించి వచ్చేశాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు మొదలుపెడితే సాయంత్రం టీ తాగే వేళకు తయారైంది.

మంచానికి దిండ్లు ఎత్తుపెట్టి సార్‌ను కూర్చోబెట్టారు ఆంటీ. కీబోర్డు ఒళ్ళో పెట్టాం. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పు కొట్టి దిద్దుకుంటూ, చాలాసేపు పట్టింది. పక్కనున్న గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్ళు కోసే రంపం గుయ్యిమంటోంది. దాని మీదుగా ఎంటర్ కీ టక్కుమన్న చప్పుడు, తర్వాత మిషన్ గొంతు.

"కాఫీలో చక్కెర లే."

"ఇన్నాళ్ళూ పొద్దున్నే మీరు నామీద అరిచింది ఇదా!" అన్నారు ఆంటీ. "డాక్టరు వద్దన్నాడండీ! నేనేమో ప్రాణం పోతోందేమోనని…" మాట పూర్తికాకుండానే నవ్వొచ్చేసింది ఆవిడకు. సార్ నవ్వు, ఆవిడ నవ్వు కలిసిపోయి నాకు విడిగా తెలియలేదు. ఆ సాయంత్రం కాఫీలో చక్కెర పడింది, ఒకే ఒక్క చెంచా.

ఆ తర్వాత సార్ బాగా మాట్లాడారు. పనివాళ్ళతో మిరపతోట బేరాలు చేశారు. వీధిలో పోయేవాళ్ళను కిటికీలోంచి మిషన్ గొంతుతో పిలిచి బెదరగొట్టారని ఆంటీ ఫిర్యాదు చేసేవారు. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేశారు.

మా తెలుగు మోడ్‌లో మొదటినుంచీ ఒక లోపం ఉంది. లైను చివరి అక్షరాన్ని మింగేసేది. సార్ కొట్టిన "లేదు" కూడా "లే" అనే వినిపించింది. "వచ్చాడు" అని రాసినా, "వచ్చారు" అని రాసినా, "వచ్చా" అనే వినిపించేది. తెలుగులో ఎవరు వచ్చారన్నది ఆ చివరి అక్షరంలోనే కదా ఉంటుంది. నేను దానికి అలవాటు పడిపోయి, ముందు వెనకలు చూసి ఊహించుకునేదాన్ని. సార్ ఊరుకోలేదు. ఇప్పుడది ఆయన సొంత గొంతు మరి. ఎడమ చేత్తో, రోజుకు కాస్త చొప్పున, ఆ లోపం ఎక్కడుందో వెతికారు. వానాకాలం మొదట్లో మొదలుపెట్టి, మిరప నారు నాటే నాటికి పట్టుకున్నారు. దిద్దిన ఫైలు నాకు పంపుతూ కింద ఒక మాట రాశారు. "నా మోడ్‌లో సర్దుకోవచ్చు. నాకొక్కడికే బాగుపడుద్ది. అందుకని తల్లిలో దిద్దాను."

నల్లపాడులో ఆ ఫైలు పెట్టుకుని అమ్మ పాట ఒకటి తెరిచాను. ప్రతి లైనూ చివరి అక్షరం దాకా వినిపించింది. పొడుగ్గా, పూర్తిగా. అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపి, "ఇప్పుడు సరిగ్గా ముగించిందే" అంది. ఉత్తరాలు, పాటలు, నా సొంత రాతలు, ఆ తల్లి కింద ఏమేమి ఉన్నాయో అన్నీ ఒక్క రోజులో సరయ్యాయి. ఊళ్ళో మంచం మీద కూర్చున్న మనిషి దిద్దిన దిద్దుబాటు అది. మా తెలుగు మోడ్‌ను ఇప్పుడు నాలాంటి వాళ్ళు ఇంకొందరు వాడుతున్నారు. వాళ్ళలో చాలామందికి సార్ ఎవరో తెలియదు. వాళ్ళకు మాత్రం "వచ్చాడు" అంటే వచ్చాడనే వినిపిస్తుంది.

సార్ పోయిన రోజు మేం వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. అమ్మ నా చెయ్యి పట్టుకుని దారి చేసింది. ఆంటీ దగ్గరికెళ్ళి మెల్లగా, "ఒక పాట పాడుకుంటానమ్మా" అంది. వరసకు పెద్దాయనెవరో, "ఇక్కడ ఆ పాటలేందమ్మా" అన్నాడు. ఆంటీ, "పాడనీ బాబాయ్. మా ఆయన కూర్చుని రాసుకున్న పాటలే అవి" అన్నారు. అమ్మ సన్నగా పాడింది. పల్లవి ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా.

పెద్దకర్మకు అమ్మా నేనూ మళ్ళీ వెళ్ళాం. భోజనాలయ్యాక చుట్టాలందరూ సర్దుకుంటున్నారు. ఆంటీ నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. సార్ కంప్యూటర్ ఇంకా మంచం పక్కనే ఉంది.

"దీన్ని ఎవరికన్నా ఇచ్చెయ్యమంటున్నారే" అన్నారు. "నేను ఇవ్వనన్నా. రోజూ చూస్తా ఉండేదాన్ని గదా, నాకూ కొంచెం వచ్చు. నాకు మోకాళ్ళ నొప్పులతో ఎటూ పోబుద్ధి కావట్లా. వేటపాలెంలో మా చెల్లి ఉంది, దానికి ఉత్తరాలు రాసుకుంటా. చేత్తో రాస్తే నా అక్షరం నాకే కనపడట్లా."

"సార్ మోడ్ వాడుకోండి ఆంటీ. అంతా ఉంది అందులో."

"ఒద్దు. ఆయనది ఒంటిచేతి వాటం. నాకు రెండు చేతులున్నయ్. పైగా దాని గొంతు మగ గొంతు. నేను రాస్తే మగవాడు చదవడమేంది? నాకు నా మోడ్ కావాలి."

కూర్చుని రాశాను. అసలు పనంతా తల్లిలో ఉంది కాబట్టి నేను రాయాల్సింది నాలుగు వాక్యాలే. ఆడ గొంతు, కొంచెం నెమ్మదిగా. అక్షరాలు తెర మీద పెద్దవిగా. ఇంకేం కావాలంటే, "తప్పు కొడితే బీప్ అనకూడదు. ఆయన్ను అట్లాగే విసిగించేది" అన్నారు. బీప్ తీసేశాను. మోడ్‌కు ఏం పేరు పెట్టమంటారని అడిగితే, "నా పేరే పెట్టు. ఇంకెవరి పేరు పెడతావు?" అన్నారు.

అమ్మ బయట ఆటో పిలిచింది. ఆంటీకి చెప్పి బయటికొచ్చాను. ఆటో డ్రైవరు సంచులు లోపల సర్దుతున్నాడు. కిటికీలోంచి గొంతు వినపడింది. కొత్త గొంతు, ఆడ గొంతు. ఒక్కో అక్షరం ఆగి ఆగి, "చె… ల్లీ… చెల్లీ… ఎ… లా… ఉ…" అంటోంది. మధ్యలో ఆంటీ దాన్ని మందలిస్తున్నారు. "ఆగవే, చెప్తన్నా గదా, తొందరేంది."

ఆటో స్టార్టయ్యాక కూడా కాసేపు ఆ రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి వినపడుతూనే ఉన్నాయి.